ఇంట్లో ప్లేటు రివర్బ్ కట్టడం పనికొచ్చే పనేనా?

పర్లాకిమిడి_పాట:
మా పెద్దమ్మా, ఆవిడ జట్టులో ఇంకో నలుగురూ పాడే మంగళహారతులు, దంపుళ్ళ పాటలు రికార్డు చేస్తున్నాను. గది పది బై పన్నెండు, పైన స్లాబు. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. దుప్పట్లు కట్టి ఆ మోత చంపేశాను. ఇప్పుడు పాట మరీ ఎండిపోయింది. అందుకని పాటకి మళ్ళీ కాస్త మోత (రివర్బ్) తగిలించే ప్లేటు రివర్బ్ కడదామని దిగాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: పెద్ద పలచటి ఉక్కు రేకుని ఇనప చట్రంలో నాలుగు వైపులా లాగి బిగిస్తారు. ఒకచోట చిన్న స్పీకరు కాయిల్ అంటించి పాటని రేకులోకి పంపుతారు. ఆ వణుకు అంచులకి కొట్టుకుని తిరిగి తిరిగి వస్తుంటే ఇంకోచోట అంటించిన పికప్ పట్టుకుంటుంది. దాన్ని అసలు గొంతులో కొంచెం కలుపుకుంటాం. 1957లో జర్మనీ కంపెనీ ఈఎంటీ తెచ్చిన 140 మోడల్ దీనికి మూలపురుషుడు. రేకు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, అర మిల్లీమీటరు మందం. నాది ఆరు బై మూడు అడుగులు. స్క్వేర్ పైపు చట్రం వెల్డింగ్ అయిపోయింది, రేకుని లాగి బిగించే మరలు, టర్న్‌బకిల్స్, పన్నెండు కొన్నాను. బిగింపు ఎంత ఉండాలో కట్టినవాళ్ళు చెప్పండి.

ఫేడర్_రాయగడ:
తమ్ముడూ, ఎందుకీ ఆయాసం? ఆ 140 పెట్టెతో కలిపి 270 కిలోల దాకా తూగేది. అప్పట్లో వేరే దారి లేక మోశారు. రేకు లీనియర్ వస్తువు, ఎంత పంపితే ఆ లెక్కలోనే తిరిగిస్తుంది. అలాంటిదాన్ని ఒక్కసారి కొలిచి ఆ ఫైలు కంప్యూటర్లో పెట్టుకుంటే చాలు, దాదాపు అదే రివర్బ్ వస్తుంది. కన్వల్యూషన్ అంటారు. మంచి ప్లేట్ల ఫైళ్ళు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆ రేకు డబ్బుతో మంచి మైకు కొనుక్కోండి.

జయపురం_వెల్డర్:
జింకు పూత ఉన్న జీఐ రేకు కొన్నారా, పూత లేని సీఆర్ కొన్నారా? ముందది చెప్పండి.

సిరొంచ_సీను:
మా ఊళ్ళో నాటకాలప్పుడు ఉరుము కోసం తెర వెనక రేకు ఊపేవారు. దానికింత చర్చ జరగలేదు 😀

పర్లాకిమిడి_పాట:
ఫేడర్ గారూ, ఫైళ్ళు వాడి చూశాను. ఆ కొలిచినాయన రేకు ఎలా బిగించాడో, డ్యాంపింగ్ (మోతని అణచడం) ఎంత పెట్టాడో అదే నాకూ వస్తుంది. 140లో రేకు పక్కనే ఇంకో పలక ఉంటుంది, దాన్ని దగ్గరికి జరిపితే మోత తొందరగా ఆగుతుంది, దూరం జరిపితే సాగుతుంది. హారతికి ఒకలా, దంపుడు పాటకి ఒకలా నా చేత్తో జరుపుకోవాలని నా కోరిక. ఇంకోటి, రేకులో పై శ్రుతి శబ్దాలు వేగంగా పోతాయి, కింది శ్రుతివి వెనకబడతాయి. గదిలో అన్నీ ఒకే వేగంతో నడుస్తాయి. చిడత కొడితే ప్లేటు విదిల్చినట్టు పలుకుతుందే, అది అందుకే.

ఫేడర్_రాయగడ:
ఆ విదిలింపు ఫైల్లోనూ ఉంటుంది. ఫైలు చెవిటిది కాదు. డ్యాంపింగ్ కూడా నాలుగు స్థానాల్లో కొలిచి ఇస్తున్నారు.

బరంపురం_బావ:
కాస్త మందం రేకు వేస్తే సరిపోయేది కదా? గట్టిగా నిలబడుతుంది. విశాఖ ఉక్కు తెప్పించుకోండి, మనవాళ్ళదే.

జయపురం_వెల్డర్:
బావా, విశాఖలో కమ్మీలు, వైరు రాడ్లు చేస్తారు. రేకు అక్కడ చెయ్యరు. రేకు కావాలంటే మన రూర్కెలా ఉంది, అదీ జర్మనీవాళ్ళ సాయంతో కట్టిందే, మీ 140కి చుట్టమే అనుకోండి. జీఐయో సీఆరో ఇంకా చెప్పలేదు.

పర్లాకిమిడి_పాట:
మందం పెంచితే చెడుతుంది బావగారూ. రెండు చదరపు మీటర్ల అర మిల్లీ రేకులో ప్రతి హెర్ట్జ్‌కీ ఒకటికి పైగా మోతలు పుడతాయి. అంత దట్టంగా ఉంటేనే చెవికి ఒకే పొగలా వినిపిస్తుంది. మందం రెట్టింపు చేస్తే ఆ మోతలు సగమైపోతాయి, విడివిడిగా గంటల్లా వినిపిస్తాయి. 270 కిలోల్లో అసలు రేకు ఎనిమిది కిలోలు ఉండదు, మిగతాదంతా చట్రం, పెట్టె.
వెల్డర్ గారూ, జీఐ.

జయపురం_వెల్డర్:
అయ్యో! వాపసు ఇచ్చేయండి. పైన జింకు పూత మోతని కొంత తినేస్తుంది. సీఆర్ తీసుకుని, తుప్పు పట్టకుండా పలచగా లక్క వార్నిష్ కొట్టండి, మీ వైపు చెమ్మ ఎక్కువ. రేకుని చట్రానికి వెల్డింగ్ మాత్రం చేయించకండి. అర మిల్లీ రేకుకి టాక్ (చుక్క వెల్డింగ్) పెట్టినా వేడికి వంకరపోతుంది, తర్వాత ఎంత లాగినా ఆ పొట్ట పోదు. మూలలకి పట్టీలు వేసి బోల్టు బిగించాలి. బిగింపు అంటారా, మృదంగం వారు లాగినట్టే. ఒక వైపు మొత్తం లాగేసి రెండో వైపుకి వెళ్ళకూడదు. ఎదురెదురు మూలలు, కొంచెం కొంచెం. వేలితో తడితే రేకు డబడబ అనడం మానేసి ఖంగున పలకాలి.

ఫేడర్_రాయగడ:
జీఐ రేకు, చేతి బిగింపు, పక్కన ఆటో వెళ్తే అదీ రికార్డవుతుంది. పాటంతా అయ్యాక హారను వినిపిస్తుంది. నేను చెప్పేది వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం దేనికి?

పర్లాకిమిడి_పాట:
నేనడిగింది బిగింపు గురించి. కట్టాలా వద్దా అని నేను అడగలేదు, మీరే మొదలెట్టారు.
చెప్పమంటే చెప్తా. పెద్దమ్మని పోయినేడు ఒక పెద్ద ఊరి స్టూడియోకి తీసుకెళ్ళాను. అక్కడి ఇంజినీరు రెండు పాటలు విని, ‘ఈ యాస ఎవరికీ అర్థం కాదు, రివర్బ్ దండిగా వేస్తే కలిసిపోతుంది’ అన్నాడు. వేశాడు. ‘ఏటమ్మా’ అన్న మాట ‘ఏఏఏ’ అయి కూర్చుంది. ఇంటికొచ్చి విని పెద్దమ్మ ‘ఇది నేనేనేటి?’ అంది. అంతే, మళ్ళీ ఆ ఫైలు తెరవలేదు.

ఫేడర్_రాయగడ:
రివర్బ్ వల్ల మాట పోయిందని బాధపడి రివర్బ్ కడుతున్నారా? ఏ మోతా లేకుండా పొడిగా రికార్డు చెయ్యండి, మాట దొరుకుతుంది.

పర్లాకిమిడి_పాట:
పొడి గదిలో ఆవిడ పాడదు! గది పలకకపోతే గొంతు దించేస్తుంది, చరణం మధ్యలో ఆపి ‘వినిపిస్తోందా?’ అంటుంది. గుడి మండపంలో ఆవిడే ఇంకోలా పాడుతుంది. హెడ్‌ఫోన్లో ప్లేటు మోత వెంటనే వినిపిస్తే మండపంలో ఉన్నట్టు పాడుతుందని నా ఆశ. కంప్యూటర్లోంచి ఇస్తే ఆలస్యం వస్తోంది.

ఫేడర్_రాయగడ:
ఆలస్యమా! రివర్బ్‌కి ముందు కావాలనే ఆలస్యం పెడతాం, పాత స్టూడియోల్లో టేపు మెషిన్‌తో పెట్టేవారు. గొంతు నేరుగా వినిపించి రివర్బ్ ఒక్కటే ఆలస్యంగా వస్తే ఏ గాయనికీ తేడా తెలియదు. ఇవన్నీ సాకులు. మీకు స్టూడియోలంటే పడదు. పన్నెండేళ్ళుగా రాయగడలో తెలుగువాడి స్టూడియో ఒకటి నడుస్తోంది. దాన్ని దాటుకుని ఎక్కడో పెద్ద ఊరికి వెళ్ళారు. వెళ్ళి అవమానపడి, ఇప్పుడు రేకు బిగిస్తున్నారు.

పర్లాకిమిడి_పాట:
మీ దగ్గరికి ముందే వచ్చాం. గుణుపూర్ మీదుగా బస్సులో, 2019లో. ఒడియా ఆల్బమ్ వాళ్ళు వచ్చారని పెద్దమ్మని బయట కుళాయి పక్క బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. చివరికి ‘రేపు రండి’ అన్నారు. ఆవిడ వయసు డెబ్బై ఒకటి. ఇన్నాళ్ళూ పేరు ఎత్తలేదు, మీరే ఎత్తించారు.

బరంపురం_బావ:
అమ్మ బాబోయ్.

ఫేడర్_రాయగడ:
గుర్తుంది. ఆకుపచ్చ చీర, చేతిలో పాటల నోటుబుక్కు.
వాళ్ళు ముందే డబ్బు కట్టారు. ఆ నెల కరెంటు బిల్లు వాళ్ళ డబ్బుతోనే కట్టాను. ఇక్కడ తెలుగు పాటకి డబ్బిచ్చేవాళ్ళు ఎంతమంది? పెళ్ళి వీడియోలకి పాటలు ఎక్కించి బతుకుతున్నాను. మీరంతా మన పాట, మన యాస అంటారు. బిల్లు దగ్గరికొచ్చేసరికి ఎవరి ఇంట్లో వాళ్ళు ప్లేట్లు కట్టుకుంటారు.

పర్లాకిమిడి_పాట:
ఆ రోజు డబ్బు తెచ్చాం. నోటుబుక్కులోనే పెట్టుకుంది. మీరు అడగలేదు.

సిరొంచ_సీను:
ఇందాక నవ్వినందుకు క్షమించండి.

జయపురం_వెల్డర్:
సీఆర్ రేకు దొరికిందా?

పర్లాకిమిడి_పాట:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. సీఆర్ దొరికింది. ఎదురెదురుగా లాగుతూ పదకొండు బిగించాను. పన్నెండోది బిగిస్తుంటే పట్టీ బోల్టు తెగి కిటికీకి తగిలింది. పెద్దమ్మ పరుగున వచ్చి, రేకుని వేలితో తట్టి చూసి, ఇంకోసారి తట్టింది. పికప్ పెడితే బాస్ అస్సలు రావడం లేదు, గాజు గీకినట్టుంది.

ఫేడర్_రాయగడ:
వణుకుని కరెంటుగా మార్చే పీజో పికప్ కదా? లైన్ ఇన్‌పుట్‌లో పెట్టుంటారు. గిటారు ఇన్‌పుట్‌లో పెట్టండి, ఇన్‌పుట్ నిరోధం మెగా ఓమ్ దాకా లేకపోతే కింది శ్రుతి అంతా పోతుంది. పికప్ రేకు సరిగ్గా మధ్యలో వద్దు, కొంచెం పక్కకి.
బోల్టు వేసేటప్పుడు ఆవిణ్ణి దగ్గరికి రానివ్వకండి.