సెల్లార్ స్టూడియోకి లోపలి గోడ: ఇటుకా, జిప్సం బోర్డా?

బైరాగిపట్టెడ_శ్రుతి:
తిరుపతిలో మా ఇంటి సెల్లార్‌లో రికార్డింగుకీ ప్రాక్టీసుకీ గది కట్టాలి. 14 × 11 అడుగులు, స్లాబు వరకు ఎత్తు ఎనిమిదిన్నర. చుట్టూ 9 అంగుళాల ఇటుక గోడ, మూడు పక్కలా బయట మట్టి, నాలుగో పక్క మెట్లు, తలుపు. రోడ్డు వైపు పైన రెండు వెంటిలేటర్లు ఉన్నాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్లు. గాత్రం, కీబోర్డు, మృదంగం, డోలు. బడ్జెట్ నాలుగు లక్షలు. లోపల నాలుగున్నర అంగుళాల గోడ ఇంకోటి లేపమని మేస్త్రీ, జిప్సం చాలని ఇంటీరియర్ వాళ్లు. ఏది మేలు?

గదిలో_గది:
జిప్సమే. అయితే ఇంటీరియర్ వాళ్ల పద్ధతిలో కాదు. వాళ్లు పాత గోడకే చానెల్ కొట్టి దాని మీద బోర్డు బిగిస్తారు. స్క్రూ దిగిన ప్రతిచోటా శబ్దం గోడలోకి దిగుతుంది. పాత గోడకి అంగుళం ఎడంగా 70 మి.మీ. స్టడ్ ఫ్రేము (నిలువు ఇనుప రేకు కమ్మీల చట్రం) విడిగా నిలబెట్టండి, అది గోడనీ స్లాబునీ ఎక్కడా తాకకూడదు. స్టడ్లు నిలిచే కింది ట్రాక్ కింద నియోప్రీన్ రబ్బరు పట్టీ, స్టడ్ల మధ్య రాక్‌వూల్ (రాతి పీచు దూది పరుపు), ఘనపు మీటరుకి 48 కిలోలది, 50 మి.మీ. మందం. గది వైపు 12.5 మి.మీ. బోర్డు రెండు పొరలు, జాయింటు మీద జాయింటు రాకుండా. అంచులన్నీ అక్రిలిక్ సీలెంట్.

గాలి సందు ఎందుకంత కీలకమో లెక్క చూడండి. రెండు పొరల బోర్డు చదరపు మీటరుకి దాదాపు 20 కిలోలు. వెనక సందు 30 మి.మీ. అయితే ఆ బోర్డు, గాలి కలిసి 77 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. ఆ దగ్గరి శబ్దానికి కొత్త గోడ అడ్డు పడకపోగా సాయం చేస్తుంది. సందు 95 మి.మీ. అయితే ఊగే చోటు 44 దగ్గరికి దిగుతుంది, దానిపైన ఉన్నవన్నీ బాగా ఆగుతాయి.

రేణిగుంట_బీట్స్:
ఇంత ఎందుకన్నా, గోడలకి ఫోమ్ అంటిస్తే సరిపోదా?

గదిలో_గది:
సరిపోదు. ఫోమ్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుంది, కోడిగుడ్డు ట్రేలు ఏదో కొంచెం. బయటికి పోయే శబ్దాన్ని ఆపేది బరువు, సందుల్లేని మూత, తాకని నిర్మాణం. ఫోమ్‌కి ఈ మూడూ లేవు.

చిత్తూరు_మేళం:
సెల్లార్‌లో జిప్సమా సామీ? మూడు పక్కలా మట్టి ఉండాది అని ఆయన రాసినాడు. 2021 నవంబరు వానలకి తిరుపతి సెల్లార్లలో నీళ్లు నిలిచింది అందురూ చూసినారు. కాగితం తొడిగిన బోర్డు అడుగున తడి తగిలితే దీపం వత్తిలాగా పైకి పీల్చుకుంటాది. లోపల రాక్‌వూల్ నీళ్లు తాగి కిందికి జారతాది, పైన సగం సందు ఖాళీ అయిపోతాది. బయటికి బోర్డు బాగానే కనపడతాది, లోపల బూజు.

ఇటుక గోడ రెండు పక్కలా పూత పూస్తే చదరపు మీటరుకి 250 కిలోల దగ్గర వస్తాది. నీ రెండు పొరలు 20. యాడ 250, యాడ 20?

గదిలో_గది:
బరువు ఒక్కటే చూస్తే ఎట్లా? 13 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ రెండు టన్నులు దాటుతుంది. పునాది లేకుండా సెల్లార్ ఫ్లోరింగ్ మీద పెడితే ఫ్లోరు చీలుతుంది, గోడ దిగుతుంది, పైన సందు తెరుచుకుంటుంది. అదీగాక రెండు గోడల మధ్య రెండంగుళాల సందులో మేస్త్రీ తాపీ నుంచి సిమెంటు ముద్దలు రాలి ఇరుక్కుంటాయి. ఒక్క ముద్ద రెండు గోడల్నీ పట్టుకుంటే చాలు, విడి గోడ అన్నమాటే లేదు.

చిత్తూరు_మేళం:
ముద్దలు పడకుండా కట్టే దారి ఉండాది. సందులో సందంత వెడల్పు చెక్క పెట్టి, రెండు చివర్లా తాడు కట్టి, వరస వరసకీ పైకి లాగి ముద్దలు దులిపి మళ్లీ దించాల. తెలిసిన మేస్త్రీ ఎవురైనా చేస్తాడు.

గదిలో_గది:
చెక్క గోడకి రాసుకుంటూ పైకి వచ్చేటప్పుడు పక్కనుంచి రాలేవి? అవి కింద పడి గట్టిపడితే ఎవరు చూస్తారు, ఎవరు తీస్తారు?

చిత్తూరు_మేళం:
అడుగు వరసలో నాలుగైదు ఇటుకలు వదిలిపెట్టి, అంతా అయినాక కంతల్లోనుంచి గీకి తీసి, అప్పుడు పూడుస్తారు. పని చేయించినోడికి ఇది తెలుస్తాది. బోర్డు బిగించినోడికి తెలీదు.

గదిలో_గది:
ఇలా మాట్లాడితే నేనూ అనగలను. ఇటుకంటే కూలీ, ఇసుక, సిమెంటు అన్నిట్లో మేస్త్రీకి మిగులుతుంది కాబట్టే ఆ సలహా. అడిగినాయన డబ్బు గురించి ఎవరికీ పట్టలేదు.

చంద్రగిరి_ఆర్సీసీ:
మీ ఇద్దరూ గోడ దగ్గరే ఉన్నారు, శబ్దం పోయేది పైకి. మూడు పక్కలా మట్టి ఉంటే అటు వినేవాళ్లే లేరు. 5 అంగుళాల స్లాబు తానే చదరపు మీటరుకి 300 కిలోలు, గాత్రానికి అది మంచి అడ్డు. కారేది మెట్ల తలుపు, వెంటిలేటర్లు, పైపులు స్లాబు దాటే కంతలు. ముందు వెంటిలేటర్లు నిండు ఇటుకతో మూసి రెండు పక్కలా పూత వేయండి. మామూలు ఫ్లష్ తలుపు ఒక్కటి ఎంత బిగించినా చాలదు. మూడడుగుల ఎడంతో రెండు తలుపులు, చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, అడుగున మూసినప్పుడు కిందికి దిగే సీలు. మొత్తం గోడలో నూటికి ఒక వంతు సందు మిగిలితే గోడ ఎంత గొప్పదైనా 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది.

గదిలో_గది:
గాత్రానికి నిజం. డోలు దెబ్బ మాత్రం గోడల్లోకి, కాలమ్స్‌లోకి దిగి వాటి వెంట పైకి ఎక్కుతుంది. మట్టి వైపు గోడ వదిలేస్తే పై గదిలో గోడే స్పీకరవుతుంది. అందుకే నాలుగు గోడలూ సీలింగూ విడిగా ఉండాలి, నేల కూడా రబ్బరు మీద తేలాలి.

చిత్తూరు_మేళం:
సీలింగు విడిగా అంటావు, దాన్ని దేని మీద నిలబెడతావు? స్లాబుకి వేలాడదీస్తే తాకినట్టే. ఇటుక గోడలుంటే 4 × 2 అంగుళాల బాక్సు పైపులు రెండడుగులకొకటి గోడ మీంచి గోడకి వేసి, పైపు కొసల కింద రబ్బరు ప్యాడు పెట్టి, సీలింగు బోర్డు వాటికే బిగించొచ్చు. స్లాబుకి ఒక్క స్క్రూ పడదు. నీ 70 మి.మీ. స్టడ్డు ఆ బరువు మోస్తాదా?

గదిలో_గది:
స్టడ్డు మోయదు. మూలల్లో బాక్సు పైపు కాళ్లు పెట్టి వెల్డింగు చేస్తే మోస్తుంది. పైపుకి, స్లాబు కింది బీముకి మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో ముందే కొలవాలి, చాలా సెల్లార్లలో బీమే అడ్డం. తడి గురించి మీరన్నది కాదనను. దానికి అడుగు రెండడుగులు 12 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు వేసి, పైన పచ్చ జిప్సం (తేమకి ఓర్చుకునే రకం) వేస్తే సరి. అడుగున 10 మి.మీ. వదిలి సీలెంట్ నింపాలి. రాక్‌వూల్ స్టడ్లలోనే ఉండాలి, పాత గోడకి తగలకూడదు.

చిత్తూరు_మేళం:
నేల నుంచి నీళ్లొస్తే? ముందు పరీక్ష చేసుకోమను. రెండడుగుల ప్లాస్టిక్ షీటు గోడకి, ఇంకోటి నేలకి, అంచులన్నీ టేపు వేసి రెండు రోజులు వదలాల. షీటుకి గోడ వైపు నీటి బొట్లు ఉంటే మట్టిలోనుంచి ఊట. గది వైపు ఉంటే గాలిలో తేమ, దానికి ఏసీ చాలు. ఊట ఉంటే పూత చెక్కి క్రిస్టలైన్ వాటర్‌ప్రూఫింగ్ (గోడ లోపలి సందుల్ని పూడ్చే మందు) చేసినాకనే మిగతా పని. వచ్చిన నీళ్లు తోడేదానికి గది బయట 3 అడుగుల గుంత, నీళ్లు పెరిగితే తానే ఆనయ్యే ఫ్లోట్ స్విచ్చి మోటారు, నీళ్లు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు. మోటారు ఇన్వర్టరు మీద ఉండాల, పెద్ద వానకే కరెంటు పోతాది.

రేణిగుంట_బీట్స్:
అన్నా, ఇంత మూసేస్తే లోపల గాలి ఎట్లా?

చంద్రగిరి_ఆర్సీసీ:
ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. మనిషికి సెకనుకి 10 లీటర్లు లెక్కేసి లోపలికొకటి, బయటికొకటి డక్టు. రెండూ చెక్క పెట్టెలో మూడు మలుపులు తిరగాలి, పెట్టె లోపల గ్లాస్‌వూల్, మీద నల్ల గుడ్డ. ఫ్యాను గది బయట. సెల్లార్‌లో ఏసీ నీళ్లు వాటంతట పోవు, చిన్న డ్రెయిన్ పంపు కావాలి.

కొర్లగుంట_వయొలిన్:
ఇంతమంది ఇంత రాశారు, ఎవరూ అడగలేదు. శ్రుతి గారూ, డోలు వాయించేది ఎన్ని గంటలకి?

బైరాగిపట్టెడ_శ్రుతి:
పగలు అందరికీ ఉద్యోగాలు మేడమ్. ముహూర్తాల రోజుల్లో రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా. పైన ఉన్నవాళ్లకి నెలల పాప ఉంది.

చిత్తూరు_మేళం:
ఇది ముందే చెప్పాల్సింది. ఇటుకైనా జిప్సమైనా ఆ డబ్బుకి రాత్రి పదకొండుకి డోలు దెబ్బ పైకి తెలీకుండా చేయలేవు. గాత్రం, మృదంగం చేయొచ్చు. డోలు పగలు పెట్టుకోండి, లేదా కల్యాణ మండపం బాడుగకి తీసుకోండి. ఇంత గోడ కట్టినాం కదా అని రాత్రిళ్లు వాయిస్తారనేదే నా భయం.

గదిలో_గది:
అసలు సంగతి ఇప్పుడు బయటికొచ్చింది. మీకు ఆయన రాత్రి వాయించడమే ఇష్టం లేదు. ఆయన ఇల్లు, ఆయన సెల్లార్. పని చేసి బతికే కళాకారుడికి రాత్రి తప్ప సమయం లేకపోతే గది అందుకు తగ్గట్టు కట్టాలి గాని వాయించొద్దనడం ఏమిటి? బడ్జెట్ చాలకపోతే ఏడాది ఆగి తేలే నేలతో సహా పూర్తిగా కడతారు.

చిత్తూరు_మేళం:
ఇల్లు ఆయనదే. బాడుగ కట్టేవాళ్లకి నిద్ర కూడా ఆ బాడుగలో భాగమే. పూర్తిగా కట్టేదాకా రాత్రి డోలు వద్దు అంటున్నా, అంతే.

కొర్లగుంట_వయొలిన్:
2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి పది నుంచి ఆరు దాకా నివాస ప్రాంతానికి 45 డెసిబెల్స్. ప్రైవేటు స్థలంలో వాద్యాల శబ్దం హద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్ కన్నా ఎక్కువ దాటకూడదు. అది వీధి హద్దు లెక్క, పై గదిలో తొట్టె దగ్గర లెక్క కాదు.

బైరాగిపట్టెడ_శ్రుతి:
సరే. ముందు ప్లాస్టిక్ షీటు పరీక్ష. వెంటిలేటర్లు, తలుపు పని చేయించి, పైవాళ్లని అడిగి వాళ్ల గదిలోనే ఫోనులో శబ్దం కొలిచే మీటరు యాప్ పెట్టి కొలుస్తాను. అప్పటిదాకా గోడ ఏదీ కట్టను.

గదిలో_గది:
మంచిది. మీటరు ఎ సెట్టింగులో పెట్టకండి. అది 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది, డోలు లోతు దెబ్బ కనపడదు. లోతు శబ్దాన్ని అంతగా తగ్గించని సి సెట్టింగులో కొలవండి, ఒకసారి ఎవరూ వాయించకుండా, ఒకసారి డోలుతో. ఫోను బల్ల మీద కాదు, దిండు మీద పెట్టండి.

చిత్తూరు_మేళం:
రాత్రి పదికి ముందే కొలవండి. పైవాళ్ల ఫ్యాన్లు ఆపి.