‘ఒకనికొకరము’లో ఆ ‘ము’ ఎందుకు?

పాఠకురాలు: మా క్రైస్తవ సంఘంలో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ‘వేరు వేరుగా… ఒకనికొకరము… అవయవములై యున్నాము’ అనే వాక్యం నోట్లో ఆడుతోంది గానీ పూర్తిగా అందడం లేదు. ఇంతకీ ‘ఒకనికొకరు’ అంటే చాలదా? చివర ‘ము’ ఎందుకు?

సూత్రధారి: బైబిల్లో పౌలు రాసిన రెండు పత్రికలు, అంటే లేఖలు, కలిసిపోయాయమ్మా. ‘వేరు వేరుగా అవయవములై యున్నారు’ కొరింథీ మొదటి పత్రిక 12:27. ‘ఒకనికొకరము ప్రత్యేకముగా అవయవములై యున్నాము’ రోమా 12:5. అక్కడ కర్త ‘మనము’. అనేకులము, సేవకులము అన్నట్టే ఒకరము. ఆ ‘ము’ తీసేస్తే అవయవాలు ఎవరో బయటివాళ్లయిపోతారు.

పాత విద్యార్థి: ‘ము’ సరే. ‘ఒకనికి’ సంగతేమిటి మాస్టారూ? ముందు ఏకవచనం, పైగా పుంలింగం, వెనక బహువచనం. ‘ఒకరికొకరము’ అని ఉండాల్సింది. సంఘంలో ఎంతో పని మోసేది స్త్రీలే కదా.

సూత్రధారి: పాత గద్యంలో ఒకనినొకడు, ఒకనికొకడు పరస్పరార్థంలో స్థిరపడిన మాటలు. లింగం పట్టించుకోనక్కర్లేదు.

గాయకుడు: ఈ ప్రత్యయం బలం తెలియాలంటే జాషువా దగ్గరికి వెళ్లాలి. ‘విశ్వనరుఁడ నేను’. నరుఁడను అన్నదాంట్లో ‘ను’ లోపించి నరుఁడ అయింది. ‘నరుఁడు’ అని ఉంటే ఎవరినో వర్ణించినట్టుండేది, ‘నరుఁడ’ అనేసరికి కవే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది గానీ, నాకు మాత్రం ఈ ఒక్క పాదం చాలు.

సూత్రధారి: జాషువాది ‘నేను’, పౌలుది ‘మనము’. ఆ తేడా చిన్నది కాదు.

పాఠకురాలు: నా టెన్షన్ వేరే. ‘వేరు వేరుగా’ అంటే కొత్తవాళ్లకు ‘విడివిడిగా’ అని వినిపిస్తుందేమో.

పాత విద్యార్థి: పౌలు రాసిన గ్రీకులో అది ‘ఎక్ మెరూస్’. మెరోస్ అంటే భాగం. అదే మాట ఆ కొరింథీ పత్రికలోనే 13:9లో మనకు ‘కొంతమట్టుకు’ అయింది. అందుకే ‘ఎవరి వంతుకు వారు’ అంటాను. ఒకరు వాక్యం చెబుతారు, ఒకరు రోగి పక్కన కూర్చుంటారు, ఒకరు కానుకల లెక్క రాస్తారు. ఎవరిదీ పూర్తి పని కాదు, కొంతమట్టుకే.

గాయకుడు: అవయవానికి గ్రీకు మాట ‘మెలోస్’. దానికే రాగం అనీ అర్థం. మెలోడీ పుట్టింది అక్కడే. పాటల బృందం వాళ్లకు ఇది తప్పక చెప్పండమ్మా.

సూత్రధారి: ‘వంతు’ నాకు నచ్చలేదు. వంతు తీరాక మనిషి తప్పుకోవచ్చు, అవయవానికి ఆ వీల్లేదు. ‘కన్ను చేతితో నీవు నాకక్కరలేదని చెప్పజాలదు’ అంటాడు కొరింథీ మొదటి పత్రిక 12:21లో. ఆ వెంటనే బలహీనంగా కనబడేవే ‘మరి అవశ్యములే’ అంటాడు. ఏ పనీ చేయలేక మంచం పట్టిన విశ్వాసికి మీరు ఏ వంతు చూపిస్తారు? ఆయనా అవయవమే. ఆ మాట ‘వేరు వేరుగా’లోనే నిలుస్తుంది.

పాత విద్యార్థి: ప్రార్థించేవాడిది వంతు కాదా? సరే, అది ఉంచండి. ‘ఒకనికి’ మీద నా పట్టు వదలను. రోమా 12:10లో ‘ఒకని నొకడు గొప్పగా ఎంచుకొనుడి’ అన్నారు. అదే అధ్యాయంలో ఇక్కడ ‘ఒకడు’, అక్కడ ‘ఒకరము’. స్థిరపడిన మాటే అయితే 12:5లో ఎందుకు మార్చినట్టు?