వరల్డ్ హిస్టరీ: ఏపీ తీసుకోవాలా, మామూలుదా?

ప్రశ్న (ఫ్రీమాంట్‌కు కొత్తగా వచ్చిన అమ్మ):
నమస్తే అండి. జూన్‌లో గుంటూరు నుంచి వచ్చాం. మా అబ్బాయి పదో తరగతిలో చేరుతున్నాడు. వరల్డ్ హిస్టరీ తప్పనిసరట. మామూలుదా, ఏపీనా అన్నది శుక్రవారంలోగా చెప్పమన్నారు కౌన్సెలర్. మావాడు లెక్కల్లో పర్లేదు, సోషల్ మాత్రం పరీక్ష ముందురోజు బట్టీ పట్టే రకం. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (శాన్ హోసే నాన్న):
ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అండి, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మా అత్తగారైతే అమెరికాలో ఆంధ్రప్రదేశ్ చరిత్ర చెబుతున్నారనుకుని తెగ సంబరపడ్డారు.

కాలిఫోర్నియాలో హైస్కూల్ గట్టెక్కాలంటే ప్రపంచ చరిత్ర ఒక ఏడాది చదవాల్సిందే. మామూలు కోర్సు దాదాపు 1750 నుంచి ఉంటుంది: ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, వలస పాలన, రెండు ప్రపంచ యుద్ధాలు. ఏపీ వాళ్లు 1200 దగ్గర ఎత్తుకుంటారు. సాంగ్ వంశపు చైనా, మంగోలులు, మొఘలులు అన్నీ వస్తాయి.

సిలబస్ ఎలాగోలా చదివేస్తారు, పిల్లలు తడబడేది ప్రశ్నల దగ్గర. "1857 తిరుగుబాటుకు కారణాలు వ్రాయుము" అంటే మనం అయిదు పాయింట్లు రాసి లేచి వచ్చేవాళ్లం. ఇక్కడ డీబీక్యూ (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్) అని ఒకటుంది. ఉత్తరాలు, ప్రసంగాలు, బొమ్మలు, ఇలా ఏడు డాక్యుమెంట్లు ముందుపెట్టి, గంటలో చదివి, ఒక వాదన రాయమంటారు. ఆ ఉత్తరం ఎవరు, ఎవరికి, ఏ అవసరంతో రాశారో కూడా పట్టుకోవాలి, దీన్నే సోర్సింగ్ అంటారు. మా అమ్మాయికి మొదటిసారి ఏడు పాయింట్లకి రెండే వచ్చాయి. డాక్యుమెంట్లన్నిటికీ సారాంశం చక్కగా రాసింది, తను ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు.

చివరికి 1857తోనే దారి దొరికింది. మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అంటాం, అప్పటి బ్రిటిష్ అధికారులు సిపాయిల తిరుగుబాటు అన్నారు. ఎవరికి ఏ పేరు ఎందుకు కావాల్సి వచ్చిందని భోజనాల దగ్గర గంటసేపు వాదించుకున్నాం. పప్పు చల్లారిపోయింది గానీ, సోర్సింగ్ అంటే ఏమిటో దానికి ఎక్కింది.

జవాబు (డల్లాస్ అక్క):
నేనైతే వద్దంటానమ్మా. కొత్త దేశం, కొత్త బడి, పైగా రోజూ చదవాల్సిన పేజీలు చాలా ఎక్కువ. ఈ ఏడాది మామూలుది చదవనీ. పదకొండులో అమెరికా చరిత్ర ఎలాగూ ఉంటుంది, ఏపీ అప్పుడు చూసుకోవచ్చు.

జవాబు (కాలేజీ కుర్రాడు):
ఆంటీ, ఏపీ తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. మేలో జరిగే పరీక్షలో 55 బిట్లకు 55 నిమిషాలు, వాటికి 40 శాతం. ఆ బిట్లు కూడా ఏదో ఒక పేరా, పటం చదివి పెట్టాల్సినవే, కాబట్టి బట్టీ పెద్దగా పనికిరాదు. డీబీక్యూలో ఇచ్చిన డాక్యుమెంట్లలో లేని ఆధారం ఒకటి సొంతంగా రాస్తే ఒక పాయింటు. వలసల మీద ప్రశ్న వస్తే కోరంగి రేవు గురించి రాయమనండి. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా మనవాళ్లు ఓడలెక్కిన రేవుల్లో అదీ ఒకటి.

ప్రశ్న అడిగిన అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. ఇదంతా మావాడికి చదివి వినిపిస్తే, "కోరంగి అంటే మనం మడ అడవులు చూడ్డానికి వెళ్లిన ఊరేనా?" అన్నాడు. ఏపీకే మొగ్గుతున్నాడు. కష్టమైతే మొదటి కొన్ని వారాల్లో మామూలుదానికి మారనిస్తారా అని రేపు కౌన్సెలర్‌ని అడిగి, అప్పుడు ఫారం ఇస్తాను.