సీత సరే, పక్కన ఈ పీత ఎందుకు?

గోదారి గట్టు: "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అంటాం కదా. మా మేనత్త మాత్రం "పీట కష్టాలు పీటవి" అనేది. అందరూ ఎక్కి కూర్చునేది పీట మీదే కాబట్టి కష్టాలు దానివేనట. అసలు పాఠం ఏది?

పాత అటక: పీట కుదరదండీ, ప్రాస చెడుతుంది.

నిఘంటువు పురుగు: సామెతకు ఛందస్సు ఏమిటి సార్? పీత అంటే సంస్కృతంలో పసుపుపచ్చ. పీతాంబరధారి కష్టాలేమో. సీతమ్మ పక్కన ఆయనుంటేనే అందం.

పాత అటక: అంబరం తీసేసి ఒట్టి 'పీత' అని స్వామిని పిలిచిన పద్యం ఒక్కటి చూపించండి. అది ప్రాస కోసం తెచ్చిన మాట, అంతే.

కోరంగి కుర్రాడు: ప్రాసే కావాలంటే గీత ఉంది, ఈత ఉంది. పీతనే పట్టుకున్నారంటే ఎవరో బురదలో దాని అవస్థ చూసే అని ఉంటారు. మడ అడవుల్లో మగదానికి ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న పీతలుంటాయి చూడండి. కళ్ళు కాడల మీదే అయినా నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. పిల్లపీతకు అదీ లేదు. కాస్త దూరం పోతే సొంత కన్నమే కనబడదు, నడిచొచ్చిన దారి లెక్కతోనే వెనక్కి చేరుతుంది. శత్రువును పోల్చుకోవడం ఇంకా చిత్రం. కంటి ఎత్తుకు దిగువన కదిలేది సాటి పీత, దిగంతరేఖ దాటి పైకి లేచేది కొంగ. ఇక పరుగే.

నిఘంటువు పురుగు: పంచతంత్రంలో కుళీరకం అనే పీత, కొంగ తినేసిన చేపల ఎముకల గుట్టను దూరాన్నుంచే చూసి సంగతి పసిగట్టింది కదా?

కోరంగి కుర్రాడు: కొంగ మీదెక్కి చూసింది మరి! దిగంతరేఖే మారిపోయింది.

చీసపీక్ తెలుగు: ఇక్కడ అమెరికాలో, చీసపీక్ అఖాతంలో, నీలి పీత పిల్లలు ఈల్‌గ్రాస్ అనే నీటిగడ్డిలో దాక్కుంటాయి. ఎదురుగా నల్లగా కనిపించేది గడ్డి కావచ్చు, మింగే చేప కావచ్చు. అటు పోవాలా, పారిపోవాలా అన్నది నీళ్ళలోని వాసనను కూడా బట్టి ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ టెన్షనే. నా ఓటు పీతకే.

పాత అటక: పీత కష్టం ద్రౌపదికి ఎప్పుడో తెలుసు. వ్యాసభారతం వనపర్వంలో జయద్రథుడితో అంటుంది, ఆడపీత తన చావుకే గర్భం దాల్చినట్టు నన్ను పట్టుకుంటున్నావని. తెలుగులో ఆ ఘట్టం ఎర్రనది.

కోరంగి కుర్రాడు: కానీ ఆడపీత కని చావదండీ. గుడ్లను పొట్ట కింది మడతలో మోసి, పిల్లల్ని నీళ్ళలో వదిలి తన దారిన పోతుంది.

పాత అటక: ఉపమానానికి జంతుశాస్త్రం అడ్డమా? ఎర్రన పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నా, "స్ఫురదరుణాంశురాగరుచి" అని శరత్కాలపు ఉదయాన్ని ఎత్తుకున్నాడే, ఆ ఉదయం మళ్ళీ ఎవరికీ రాలేదు.

నిఘంటువు పురుగు: దానికి ముందున్న నన్నయ చివరి పద్యం "శారదరాత్రు"లను మరిచిపోయారా? ఆ రాత్రి ముందు మీ ఉదయం వెలవెలబోతుంది.

పాత అటక: అలాగా! కొత్త పోస్టు పెట్టండి, అక్కడే తేల్చుకుందాం.