గొల్లపూడిలో ఇరుక్కుపోయాం, ఇన్నర్ రింగ్ మీదకు వదలట్లేదు. ఎటు పోవాలి?

ర్యాకుల షాపు, 9 అక్టోబరు 2024, రాత్రి 8:50
ఎవరైనా ఉంటే వెంటనే చెప్పండి. సాయంత్రం నాలుగున్నర నుంచి విజయవాడ పక్కన గొల్లపూడిలోనే ఉన్నాం. హనుమాన్ జంక్షన్ వెళ్లాలి. ఎప్పుడూ ఇన్నర్ రింగ్ పట్టుకుని రామవరప్పాడులో తేలి అటునుంచి అటే పోతాం. ఇవాళ వై జంక్షన్ దగ్గర అడ్డం పెట్టి వెనక్కి పొమ్మంటున్నారు. వెనక్కి అంటే ఎక్కడికి అని అడిగితే ఈల వేస్తున్నారు తప్ప నోరు విప్పట్లేదు. మ్యాప్‌లో ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ ఇదే రోడ్డు చూపిస్తోంది. ఫోన్‌లో ఛార్జింగ్ 18 శాతం ఉంది. వేరే దారి చెప్పి పుణ్యం కట్టుకోండి.

పటమట కుర్రాడు, 8:56
టెన్షన్ పడకు అన్నా. సితార సెంటర్ మీదుగా కబేళా దగ్గరికి వచ్చి సీవీఆర్ ఫ్లైఓవర్ ఎక్కు. అక్కడి నుంచి ఇన్నర్ రింగ్, పైపుల రోడ్డు, రామవరప్పాడు రింగ్. మా బాబాయ్ గంట క్రితం అలాగే వచ్చాడు, కాస్త నెమ్మదిగా కదిలింది గానీ ఎవరూ ఆపలేదట.

ర్యాకుల షాపు, 8:59
తమ్ముడూ, అటే కదా పోనివ్వనిది. మొత్తం చదివావా?

లారీ ఓనర్, 9:01
బండి ఏది?

పాత ఏఈ, 9:07
ప్రశ్న అడిగిన వారికి ముందుగా ఒక సవరణ. మనవాళ్లు ఇన్నర్ రింగ్ రోడ్డు అంటున్నది రింగ్ కానే కాదు. రింగ్ అంటే బయలుదేరిన చోటికి తిరిగి రావాలి. ఇది గొల్లపూడి దగ్గర మొదలై ఊరికి ఉత్తరం అంచున వంపు తిరిగి రామవరప్పాడులో ఆగిపోతుంది. హైదరాబాద్ రోడ్డుని, చెన్నై–కలకత్తా రోడ్డుని కలిపే అడ్డదారి అంతే. పైగా రామవరప్పాడు కూడలిని జనం ఉత్త ‘రింగ్’ అంటారు. ఇబ్రహీంపట్నం కూడలీ రింగే. గుంటూరు వాళ్లకి ఇంకో ఇన్నర్ రింగ్ ఉంది. అమరావతి చుట్టూ 190 కిలోమీటర్ల దాకా అవుటర్ రింగ్ కాగితాల మీద ఉంది. ఇన్ని రింగుల మధ్య దారి అడిగినప్పుడు ఏ రింగో చెప్పకపోతే జవాబు ఎలా వస్తుంది?

చేగోడీ, 9:10
గురువుగారూ, చేగోడీ సగం కొరికాక కూడా చేగోడీయే అంటాం కదండీ.

పాత ఏఈ, 9:14
ఇది మొదటి నుంచీ సగమే. కొరికింది కాదు.

సింగ్‌నగర్ మేడమీద, 9:21
ఇన్నర్ రింగ్ మీద అయిదు గంటలు ఆగితేనే ఇంత బాధపడుతున్నారు. పోయిన నెల వరదలో మేము ఆ రోడ్డు పక్కనే మేడ మీద నాలుగు రోజులున్నాం. కింద వాటాలో ఫ్రిజ్ నీళ్లలో తేలి తలుపుకి అడ్డం పడితే తలుపు తెరుచుకోలేదు. ఇప్పటికీ గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత ఉంది, సున్నం కొట్టినా పైకి కనిపిస్తోంది. అసలు బుడమేరు సంగతి ఎవరైనా మాట్లాడుతున్నారా? మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలవాల్సిన ఏరు అది. వరద వస్తే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి డైవర్షన్ కాలవలోంచి కృష్ణలోకి పంపాలి. కానీ సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గరే 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయి. నది నిండుగా ఉంటే కాలవ నీళ్లు ఎక్కడికి పోతాయండీ? కాలవకి మూడు చోట్ల గండి పడింది, నీళ్లన్నీ మా మీదకి వచ్చాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

పటమట కుర్రాడు, 9:24
మీ బాధ నిజమే అక్కా, కానీ పాపం ఆయన దారి అడిగాడు.

సింగ్‌నగర్ మేడమీద, 9:26
నేను చెప్తున్నదీ ఆ దారి గురించే బాబూ. నీటికి దారి లేకుండా చేసింది ఎవరు?

లారీ ఓనర్, 9:27
బండి ఏది అని అడిగాను.

ర్యాకుల షాపు, 9:33
డీసీఎం, చిన్న లారీ. చెప్పలేదా? పైన పేరే ర్యాకుల షాపు, ర్యాకులు స్కూటర్ మీద తెస్తామా ఎవరైనా? నందిగామ నుంచి ఇనుప ర్యాకులు, షోకేసు అద్దాలు తీసుకెళ్తున్నాం. శనివారం దసరాకి హనుమాన్ జంక్షన్‌లో షాపు ఓపెనింగ్. రేపు పొద్దున్నే ఫిట్టింగ్ వాళ్లు వచ్చి కూర్చుంటారు. అద్దాల మధ్య గడ్డి పెట్టి తాడు కట్టాం. బ్రేకు కొట్టినప్పుడల్లా కిర్రుమంటోంది, నా ప్రాణం అక్కడే ఉంది.

పటమట కుర్రాడు, 9:34
అన్నా!!! నేను కారు అనుకున్నా. సారీ.

లారీ ఓనర్, 9:36
ఇవాళ ఏ రోజు?

ర్యాకుల షాపు, 9:37
బుధవారం. దానికీ దీనికీ ఏం సంబంధం?

లారీ ఓనర్, 9:38
మూలా నక్షత్రం.

చేగోడీ, 9:40
అయ్యో. నవరాత్రుల్లో అన్ని రోజులూ ఒక ఎత్తు, ఇవాళ ఒక్కటీ ఒక ఎత్తు అండీ. కనకదుర్గమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటారు. కొండ కింద క్యూలైన్లు, ప్రభుత్వం తరపున పట్టువస్త్రాలు, బయట ఊళ్ల నుంచి బస్సులు. ఇవాళ పెద్ద బండ్లని ఊళ్లోకి రానివ్వరు. పొద్దున పేపర్లో మళ్లింపు దారులన్నీ వేశారు.

ర్యాకుల షాపు, 9:42
మా ఇంట్లో పేపరు మానేసి మూడేళ్లయింది.

లారీ ఓనర్, 9:49
సరే విను. నువ్వు ఇబ్రహీంపట్నం దగ్గరే తిరగాల్సింది, దాటి వచ్చేశావు. ఏటా దసరాకి హైదరాబాద్ నుంచి వైజాగ్ వైపు పోయే పెద్ద బండ్లకి ఇదే దారి: ఇబ్రహీంపట్నం, జి.కొండూరు, మైలవరం, నూజివీడు, హనుమాన్ జంక్షన్. పది కిలోమీటర్లు వెనక్కి పో. రింగ్ దగ్గర ఎడమ చేతి రోడ్డు. మైలవరంలో తిరువూరు రోడ్డు వదిలేసి నూజివీడు రోడ్డు. నూజివీడులో హనుమాన్ జంక్షన్ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. దూరం ఎక్కువే, కానీ బండి కదులుతూ ఉంటుంది.

ర్యాకుల షాపు, 9:51
ఏ రింగ్? రామవరప్పాడు రింగా?

పాత ఏఈ, 9:52
చూశారా? నేను మొదటే చెప్పాను.

లారీ ఓనర్, 9:53
ఇబ్రహీంపట్నం రింగ్ బాబూ, ఇబ్రహీంపట్నం.

ఫెర్రీ దగ్గర టీ కొట్టు, 9:56
ఎడమ కాదు సార్, కుడి. హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి ఎడమ. ఈయన గొల్లపూడి నుంచి వెనక్కి వస్తున్నాడు కదా. ఎడమకి తిరిగితే కృష్ణ ఒడ్డుకి వచ్చి నా కొట్టు ముందు ఆగుతాడు. వస్తే టీ ఇస్తా గానీ హనుమాన్ జంక్షన్ మాత్రం రాదు.

లారీ ఓనర్, 9:58
అవును, కుడి. నా తలకాయ. పదిహేనేళ్లు ఒకే వైపు నుంచి వచ్చిన అలవాటు. కొండపల్లి వచ్చిందంటే సరైన దారిలో ఉన్నట్టు. రాకపోతే మళ్లీ నందిగామ పోతున్నట్టు.

పాత ఏఈ, 10:03
ఆ రోడ్డుకి పేరుంది, జాతీయ రహదారి 30. పాతది 221. 2010లో నంబర్లన్నీ మార్చారు. మనం 9 అని పిలిచే హైదరాబాద్ రోడ్డు 65 అయింది, 5 కాస్తా 16 అయింది. ఇప్పటికీ బోర్డు మీద ఒకటి, జనం నోట్లో ఒకటి. ఈ వెస్ట్ బైపాస్ పూర్తయితే గొల్లపూడి నుంచి నేరుగా చిన్న అవుటపల్లి పోవచ్చు, ఇటు కృష్ణ దాటి కాజ వైపూ పోవచ్చు. అప్పుడు దీన్ని మాత్రం దయచేసి ఎవరూ రింగ్ అనకండి.

చేగోడీ, 10:05
అంటాం సార్.

ర్యాకుల షాపు, 10:08
కొంతమంది డ్రైవర్లు పదకొండు దాటాక వదులుతారు, ఇక్కడే పడుకోండి అంటున్నారు. ఏం చేయమంటారు? ఛార్జింగ్ 9 శాతం.

లారీ ఓనర్, 10:09
వెనక్కి తిప్పు.

పటమట కుర్రాడు, 10:11
పదకొండుకి వదలడం మామూలు రోజుల సంగతి అన్నా. ఇవాళ అర్ధరాత్రి దాటినా జనం తగ్గరు.

ఫెర్రీ దగ్గర టీ కొట్టు, 10:15
మైలవరం దాటాక రోడ్డు మీద గేదెలు పడుకుని ఉంటాయి, చీకట్లో కనపడవు. అద్దాలున్నాయి కాబట్టి చెప్తున్నా, నెమ్మదిగా పొండి.

సింగ్‌నగర్ మేడమీద, 10:31
జి.కొండూరు వైపు పోతున్నారు కదా, వెలగలేరు ఆ చుట్టుపక్కలే. పగలైతే ఆ రెగ్యులేటర్ చూసి రమ్మనేదాన్ని. ఎలా ఉందో ఒక ఫొటో అయినా పెట్టండి.

పాత ఏఈ, 10:44
గండ్ల విషయంలో మీరు చెప్పింది సగమే. ఆ డైవర్షన్ కాలవలోకి పోలవరం కుడి కాలవ నీళ్లు కూడా వస్తాయి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు కృష్ణకి చేరేది దాంట్లోంచే. వరద ఒకటి, కాలవ నీళ్లు ఒకటి, రెంటికీ ఒకే గొంతు. వెడల్పు చేయాలి. దీని మీద విడిగా రాస్తాను.

సింగ్‌నగర్ మేడమీద, 10:47
రాయండి, ఇక్కడే రాయండి. చదివేవాళ్లం ఉన్నాం.

చేగోడీ, 10:50
ర్యాకుల షాపు గారూ, బయలుదేరారా?

చేగోడీ, 11:40
ఫోన్ ఆగిపోయినట్టుంది.

ర్యాకుల షాపు, 10 అక్టోబరు, ఉదయం 7:25
నూజివీడు మీద వచ్చేశాం, మూడున్నరకి దిగాం. గేదెలు నిజమే. ఒక అద్దం మూల విరిగింది, మిగతావి బాగున్నాయి. థాంక్స్ అందరికీ. ఫిట్టింగ్ వాళ్లు ఇంకా రాలేదు.

పాత ఏఈ, 7:50
సంతోషం. ఏ రింగ్ దగ్గర తిరిగారు?