బీఎడ్‌లో ఈ ఫిలాసఫీ పేపర్ దేనికండీ?

బీఎడ్ రెండో ఏడు:
భావవాదం, ప్రకృతివాదం, వ్యవహారికసత్తావాదం... రాత్రంతా బట్టీ పట్టినా తెల్లారేసరికి అన్నీ కలగాపులగం. తత్వవేత్త రూసో పుస్తకం ‘ఎమిలీ’ 1762లో వచ్చిందన్న బిట్ మాత్రం గుర్తుంది. పిల్లల చదువు మీద అంత పుస్తకం రాసినాయన కన్నబిడ్డలు ఐదుగురినీ అనాథాశ్రమంలో వదిలేశాడు, అదీ గుర్తుంది! ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే హెడ్‌మాస్టర్ గారు, ‘మార్కుల వరసలో కూర్చోబెట్టు, సిలబస్ అవగొట్టు’ అన్నారు. ఆఖరి బెంచీవాడు నోరే విప్పడు. డీఎస్సీ బిట్లకి తప్ప ఈ పేపర్ ఎందుకు?

పలకా బలపం:
తమ్ముడూ, మాది మదనపల్లె వైపు. ఐదు తరగతులకీ నేనొక్కదాన్నే టీచర్ని. మార్కుల వరసలో కూర్చోబెట్టమనడం కూడా ఫిలాసఫీయే, కాకపోతే దానికి పుస్తకంలో పేరు లేదు. చదువంటే జల్లెడ పట్టడం అనుకుంటే ఆ వరసే వస్తుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చొద్దన్నారు. ఆయన ఆలోచనతో నడిచే రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెబడుల్లో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. మెట్లన్నీ ఒక నిచ్చెన పటంలో ఉంటాయి. చెనక్కాయలు పీకే రోజుల్లో వారం బడి మానినవాడు, వచ్చాక ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. నేనూ అట్టపెట్టెలు కోసి అలాంటివి చేసుకున్నాను. ఇన్‌స్పెక్షన్ అంటే మాత్రం టెన్షనే. ఏ తరగతి ఏ పాఠంలో ఉందంటే ఒక్క ముక్కలో చెప్పలేను.

లెక్కల సార్:
మేడమ్, వినడానికి బాగుంది. ప్రోగ్రెస్ కార్డులో ర్యాంకు వేయలేదని ఓ తండ్రి మా బడికొచ్చి గొడవపడ్డాడు. ‘మావాడు ఎన్నోవాడు?’ అదొక్కటే ప్రశ్న. పిల్లాణ్ణి టౌన్లో చేర్చేశాడు. ఆయనకేం చెప్పాలి?

పలకా బలపం:
ఆయన ఆరాటం తప్పు కాదు సార్. నేనైతే పటం దగ్గరికి తీసుకెళ్లి, ‘తీసివేతలు వచ్చేశాయి, భాగహారంలో తడబడుతున్నాడు’ అని చూపిస్తా. కొందరు వింటారు. పోయినేడు ఇద్దరు వినలేదు, టీసీ రాసిచ్చా.

బీఎడ్ రెండో ఏడు:
మేడమ్, సోమవారం వరస మార్చాను. (హెడ్‌మాస్టర్ గారు సెలవులో ఉన్నారు లెండి.) ఆఖరి బెంచీవాణ్ణి ముందు కూర్చోబెడితే అరగంటకి నోరు విప్పాడు. ‘సార్, మీరు బోర్డు మీద ఇంత రాస్తారా? వెనకనించి నాకు గీతల్లాగే కనపడేది’ అన్నాడు.