బెంగళూరులో తమ్ముడు కనబడక రెండేళ్లు, ఇంకేం చేయాలో చెప్పండి

అన్నలారా, అక్కలారా, మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. తమ్ముడికి అప్పుడు 23 ఏళ్లు, మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసేవాడు. ఒక ఆదివారం రాత్రి ఊరినుంచి వెళ్లి మెజెస్టిక్‌లో బస్సు దిగాడు. "దిగినానక్కా, నువ్వు పడుకో" అన్నాడు ఫోన్లో. అంతే, పీజీకి చేరలేదు.

గదికి పోయి చూస్తే తీగమీద ఆరేసిన చొక్కా అట్లే ఉంది. అమ్మ పెట్టిన నిమ్మకాయ ఊరగాయ సీసాలో సగం మిగిలింది. సర్టిఫికెట్ల ఫైలు దిండు కింద ఉంది. కావాలని వెళ్లిపోయేవాడు అది వదిలి పోతాడా? నా మనసు ఒప్పడం లేదు.

స్టేషన్లో మిస్సింగ్ కేసు రాసుకున్నారు. మొదటి వారమంతా "పెద్దపిల్లోడు, వాడే వస్తాడు" అన్నారు. సీసీ కెమెరాల రికార్డు అడిగేసరికి చెరిగిపోయింది. నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలోనూ వెతికాం.

ఇప్పుడు రెండు విషయాలు తెలియాలి. హైకోర్టులో రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్, వేయమంటున్నారు. కానీ ఎవరో అక్రమంగా నిర్బంధించారన్న ఆధారం చూపాలట, మా దగ్గర అది లేదు. అయినా వేసి, పోలీసుల దర్యాప్తు కదిలించుకున్నవాళ్లు ఉన్నారా? రెండోది, చెప్పడానికే నోరు రావడం లేదు. గుర్తుతెలియని శవాలతో అమ్మ డీఎన్‌ఏ పోల్చి చూడమని ఎవరికి అర్జీ పెట్టాలి?

7 ఏళ్లు కబురు లేకపోతే చట్టం చనిపోయినట్టే భావిస్తుందని మామయ్య చెప్పాడు. అమ్మకు ఆ మాట చెప్పలేదు. ఆమె రోజూ వాడికీ కలిపే బియ్యం పోస్తోంది. కన్నడ వచ్చినవాళ్లెవరైనా ఒక్కసారి మాతో స్టేషన్‌కు వస్తారా?